ఎడమచేతి ఆట

రోలర్ పిడి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. గోరి కొంగు చుట్టి పట్టుకుని లాగింది. ఎర్రమట్టి కోర్టు నీళ్లు చల్లిన కాసేపటికే పొడిబారి దుమ్ము లేస్తోంది. ఇద్దరు కలిసి లాగే రోలర్ అది. తోడుండే వీరన్నకు జ్వరమొచ్చి రాలేదు. సాయంత్రానికల్లా కోర్టు సిద్ధం కావాలనీ, ఫోటోలు తీసేవాళ్లు వస్తారనీ కోచ్ రవికుమార్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. రాష్ట్ర పోటీల్లో తన్మయి కప్పు గెలిచిందట.

"మా సంగీత ఎట్ల ఆడింది సారూ?" అని గోరి అడిగింది.

"వచ్చినంక మాట్లాడుదాం గోరమ్మా" అని పెట్టేశాడు.

ఓడిపోయిందేమో, అనుకుంది గోరి. మొదటిసారి కదా. ఓడినా పేరు పిలిచి ఉంటారు, పిల్ల కోర్టులోకి నడిచి ఉంటుంది. అంతవరకు వచ్చింది, చాలు.

ఖానాపురం హవేలి చివర ఉన్న ఆ టెన్నిస్ అకాడమీని ఒక గ్రానైట్ క్వారీల యజమాని తన కూతురు తన్మయి కోసం కట్టించాడు. డబ్బు కట్టగలిగిన ఇంకొందరి పిల్లలూ వచ్చి నేర్చుకుంటారు. గోరి, ఆమె భర్త హేమ్లా తిరుమలాయపాలెం దగ్గరి తండా నుంచి వచ్చినవాళ్లు. హేమ్లా షేర్ ఆటో నడుపుతాడు. గోరికి కోర్టులు తుడిచి, తడిపి, సున్నం గీతలు వేసే పని. నెలకు తొమ్మిది వేలు, బంతులు పెట్టే కొట్టు వెనక ఒక గది.

వాళ్ల సంగీత మొదట్లో ఎగిరిపోయిన బంతులు ఏరి తెచ్చేది. ఒకరోజు విరిగిన రాకెట్‌తో గోడకేసి కొడుతుంటే రవికుమార్ చూశాడు. ఆ సాయంత్రమే గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డకు మంచి ఆట ఉంది గోరమ్మా. ఫీజు గీజు ఏం వద్దు. కానీ ఎడమ చేత్తో ఆడాలె. ఎడమ చేతోళ్లు తక్కువ. బంతి ఎటు తిరుగుతదో ఎదుటోళ్లకు సమజ్ కాదు. స్టేట్ దాంక తీస్కపోయే పూచీ నాది."

సంగీతది కుడిచేతి వాటం. అయినా సార్ చెప్పాక గోరికి ఇంకో ఆలోచన రాలేదు. ఎడమచేయి తొందరగా తిరగాలంటే ఇంటి పనులు కూడా ఆ చేత్తోనే చేయించమన్నాడు. గోరి పాత చీర అంచు చింపి పిల్ల కుడిచేతిని నడుముకు కట్టింది. ఊడవడం, జొన్నపిండి పిసకడం, గిన్నెలు తోమడం, అన్నీ ఎడమచేత్తోనే. పిల్ల ఏడ్చింది. ఎడమచేత్తో అన్నం తింటుంటే చూడలేక గోరి మొహం తిప్పుకునేది. బళ్లో అక్షరాలు వంకర్లు పోయాయి. టీచర్ పిలిచి తిట్టింది.

నిరుడు తీజ్ పండుగకు తండాకు వెళ్లినప్పుడు సంగీత నాయనమ్మకు మంచినీళ్లు ఇచ్చింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యే ముందుకు వచ్చింది. ముసలామె చెంబు తీసుకుని నీళ్లు నేలమీద పారబోసింది.

"పెద్దమనిషికి ఎడమ చేత్తో నీళ్లిస్తదా? ఎవలింట్ల పెంచినవే దీన్ని?"

"పేపర్ల దాని ఫోటో పడ్డనాడు నువ్వే ఊరంతా తిప్పి చూపిస్తవ్ అత్తా. అప్పుడడుగుత, ఏ చెయ్యని" అంది గోరి. పండుగ నడుమే పిల్లను తీసుకుని బయల్దేరింది. మళ్లీ తండా గడప తొక్కలేదు.

పొద్దు వాలుతుండగా కార్లు వచ్చాయి. తన్మయి మెడలో దండలు, చేతిలో కప్పు. అందరూ ఆమె చుట్టూ మూగారు. సంగీత వెనక కారులోంచి బంతుల సంచులు దింపుతోంది. గోరి ఆమెను నీళ్ల ట్యాంకు చాటుకు లాక్కెళ్లింది.

"ఎన్ని గెల్చినవ్?"

"ఆడలే యాడీ." తండా భాషలో అమ్మను పిలిచే ఆ ఒక్క మాటే పిల్ల నాలుక మీద మిగిలింది. తక్కినదంతా తెలుగే.

"ఆడలేదా? పేరిచ్చిన అన్నడు గద సార్!"

"నా పేరే లేదు. రోజు పొద్దుగాల తన్మయక్కకు ప్రాక్టీస్ ఇచ్చిన. తర్వాత మెట్ల మీద కూసున్న."

సంగీత ఇంకా చెప్పింది.

"ఫైనల్ల అక్క మీద ఆడిన పిల్లది ఎడమ చెయ్యి యాడీ. సర్వీస్ కొట్టే ముందు బంతిని నేలకు కొట్టి, ఆగి, భుజానికి చెంప తుడుచుకుంటది. నేనూ గట్లనే చేస్త గద, సార్ నేర్పిండు. అది ఏ బంతి ఎటు కొడ్తదో నాకు ముందుగాలనే తెలుస్తున్నది. నా ఆటంతా ఆ పిల్ల దగ్గరున్నది."

"నీ ఆట దానికెట్ల పోయిందే?"

"పోలేదు యాడీ. దానిదే నాకు వచ్చింది. అక్క మునుపు ఆ పిల్ల మీద ఓడిపోయిందట. గెలవాలంటే ఈడ గసొంటి పిల్ల ఒకతి ఉండాలె. అందుకే సార్ నన్ను గట్ల చేసిండు."

రవికుమార్ మిఠాయి పెట్టె పట్టుకుని ఎదురొచ్చాడు. మొహంలో నిజమైన సంతోషమే ఉంది.

"తీస్కో గోరమ్మా. నీ బిడ్డ లేకుంటే ఈ కప్పు రాకపోయేది. ఒట్టు! సోమవారం నుంచి కుడి చేత్తో మొదలువెడ్దాం. నేషనల్స్‌ల తన్మయికి తగిలేటోళ్లందరు కుడి చేతోళ్లే."

"దాని చెయ్యి మొదట కుడిదే గద సారూ. దాన్ని ఎందుకు కట్టేపిచ్చినవ్?"

"నేను కట్టమనలే. పనులు చేపియ్యమన్న, గంతే."

గోరి తల దించుకుంది. అది నిజం. ముడి వేసింది తనే. ఏడుస్తుంటే ఇంకాస్త బిగించింది కూడా తనే.

"పోనీ పేరెప్పుడిస్తవ్? ఈ డిసెంబర్ల పద్నాలుగు నిండుతయి. పిల్లల పోటీలల్ల మళ్ల రానియ్యరని నువ్వే చెప్తివి."

"చెయ్యి మారుస్తున్న పిల్లను పోటీకి ఎట్ల తోల్త? ఇంకా పెద్ద గ్రూపు ఉంది, చూద్దాం తియ్." గొంతు తగ్గించాడు. "నేనూ పెద్దోళ్ల పిల్లలకు బంతులు కొట్టిచ్చుకుంటనే పెరిగిన. ఈ కోర్టు ఎవరిది? నా జీతం ఎవరిస్తున్నరు? జర సోంచాయించు."

ఆ రాత్రి హేమ్లా అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండానే అన్నాడు: "నోరు తెరవకు. గది ఖాళీ చెయ్యమంటే యాడికి పోతం? కిరాయిలు తెలుసు గద. ఓర్సుకుందాం. నేర్పుతనే ఉండె గద సార్."



సోమవారం పొద్దున్నే సంగీత కోర్టులోకి దిగింది. అటువైపు తన్మయి. ఇంకో చివర గోరి గొట్టంతో నీళ్లు పడుతోంది.

"కుడి చేత్తో" అన్నాడు రవికుమార్.

మొదటి బంతి వల కింద పడింది. రెండోది కంచె దాటింది. తన్మయి నవ్వింది. "ఏందే సంగీ, ఇయ్యాలనే రాకెట్ పట్టినట్టు కొడ్తున్నవ్?" ఆ నవ్వులో చెడేమీ లేదు. ఆమెకు ఏమీ తెలియదు.

మూడో బంతిని సంగీత కొట్టలేదు. పిడికిట్లో పెట్టుకుంది.

"స్కోర్ వెట్టుండ్రి సార్."

"ప్రాక్టీస్‌కు స్కోరేందే?"

"వెడితెనే ఆడ్త."

ఇన్నాళ్లుగా ఈ కోర్టులో ఆమె గెలిచిన పాయింటును ఎవరూ పైకి చెప్పలేదు. తన్మయి తప్పు కొడితే మళ్లీ అదే బంతి అందించాలి, మళ్లీ, ఆమెకు కుదిరేదాకా.

రవికుమార్ మొహం ఎర్రబడింది. "గోరమ్మా, బిడ్డకు నువ్వన్న చెప్పు."

చెప్పాల్సిన మాటలు గోరికి తెలుసు. రాత్రి హేమ్లా చెప్పినవే. గది, కిరాయి, ఓర్పు. అవి గొంతు దాకా వచ్చాయి కూడా.

"లెక్క పెట్టు సారూ" అంది. "నేను గూడ వింట."

"పని చేసుకునేటోళ్లు పని చేసుకోవాలె గోరమ్మా. ఓనర్ సార్‌కు ఫోన్ చెయ్యమంటవా?"

"చెయ్యి."

తన్మయి అటూ ఇటూ చూసింది. రాకెట్ దించేసింది. సంగీత రాకెట్ చంకలో ఉంది. ఏ చేతిలోనూ లేదు. బంతి మాత్రం పిడికిట్లోనే ఉంది. రవికుమార్ జేబులోంచి ఫోన్ తీశాడు.

గోరి చేతిలోని గొట్టం నీళ్లు పోస్తూనే ఉంది. ఎర్రటి నీళ్లు మడుగు కట్టి సున్నం గీతను అందుకున్నాయి. తెల్లటి గీత మెల్లగా కరిగి, కోర్టు లోపల ఏదో, బయట ఏదో తెలియకుండా పోతోంది. గోరి గొట్టాన్ని పక్కకు తిప్పలేదు.