తిరగేసి విప్పిన కుట్టు

శనివారం ఉదయం పదకొండుంబావుకు కటింగ్ మాస్టారి కుడి చెయ్యి చెవి దాకా లేచింది. నలభై రోజులుగా అది నడుము దాటి లేవలేదు. ఎందుకు లేచిందో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ అంతుపట్టలేదు.

కుట్టు దుకాణం యజమాని సోమవారం దాకా గడువిచ్చాడు. అప్పటికీ కత్తెర పట్టలేకపోతే కటింగ్ బల్ల ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు. ముప్పయ్యేళ్లుగా ఆ బల్ల మాస్టారిదే. మాత్రలు, కాపడాలు అయ్యాక భార్య ఆయన్ని ఆక్యుపంక్చర్ చేసే సూదుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కొచ్చింది. రావడం ఇది మూడోసారి.

డాక్టరమ్మ ఎప్పటిలాగే ఎడమ పిక్క పక్కన మూడు సూదులు గుచ్చింది.

"నొప్పి భుజంలో ఉంటే కాల్లో గుచ్చుతారేంటమ్మా?" అంది భార్య.

"తీగ లాగితే డొంక కదలదూ?"

"ఇన్నేళ్లూ సూదులతో గుడ్డల్ని పొడిపించాగా, ఇప్పుడా గుడ్డలు నా మీద పగ తీర్చుకుంటున్నాయి," అన్నాడు మాస్టారు.

"కబుర్లు తర్వాత. ఇవాళ ఇంకోటి కూడా చేద్దాం. కళ్లు మూసుకుని ఆ నొప్పి ఎలా ఉందో ఊహించుకోండి. ఏం కనిపిస్తోంది?"

"చంక దగ్గర బిగిసిన చొక్కా."

"ఆ బిగువు వదిలించండి. మీ పనేగా."

ఇరవై నిమిషాలు మాస్టారు కదల్లేదు. వేళ్లు మాత్రం దారం లాగుతున్నట్టు ఆడాయి. సూదులు తీశాక డాక్టరమ్మ చెయ్యెత్తమంది. లేచింది.

"ఏం చేశారండీ?" అంది భార్య.

"ఏముందీ, చొక్కా తిరగేసి కుడివైపు చంక కుట్టు విప్పాను."

భార్య అదే దుకాణంలో కాజాలు కుడుతుంది. "తిరగేశారా?"

"తిరగెయ్యకుండా కుట్టెలా విప్పుతారే?"

"తిరగేస్తే కుడివైపుకొచ్చేది ఎడమ చెయ్యి కదండీ!"

మాస్టారు ఒంటిమీది చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కున్నాడు. ఎడమ రొమ్ము మీది జేబు కుడివైపుకి వచ్చింది.

"అంటే నేను విప్పింది బాగున్న భుజాన్నా? మరి ఇదెలా లేచింది తల్లీ? సూదులా?"

"సూదులు ఇంతకుముందూ రెండుసార్లు గుచ్చాను. అప్పుడు లేవలేదు."

"మళ్లీ సరిగ్గా ఊహించుకోనా?"

"నాకూ తెలియడం లేదు మాస్టారూ," అంది డాక్టరమ్మ.

"గెలక్కండి. లేచింది చాలు," అంది భార్య.

ఆదివారం ఆయన గెలికాడు. మధ్యాహ్నం కళ్లు మూసుకుని కుడి భుజం కుట్టు విప్పాడు. చెయ్యి గడ్డం దాకా లేచి ఆగింది. సాయంత్రం ఎడమది విప్పాడు. అప్పుడూ గడ్డం దాకానే. కాసేపటికి ఏమీ అనుకోకుండా అటక మీది డబ్బా కోసం చెయ్యి చాపాడు. అందింది.

"ఇదేం చెయ్యే! ఎవరి మాటా వినదు," అన్నాడు.

"మీ చెయ్యే కదా, మీ పోలికే," అంది భార్య.

సోమవారం తొమ్మిదింటికి మాస్టారు బల్ల దగ్గర నిలబడ్డాడు. కళ్లు మూశాడు. ఏ భుజమో తేల్చుకోలేక తెరిచాడు. కత్తెర తీసుకున్నాడు. రెండో చొక్కా దగ్గర భుజం పట్టేసింది. ఆగాడు. పావుగంట తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆరింటికి బల్ల మీద కత్తిరించిన చొక్కాలు ఏడు ఉన్నాయి. మామూలు రోజుల్లో పన్నెండు. యజమాని వాటిని ఒక్కొక్కటే విప్పి చూశాడు. రేపటి గుడ్డలు తెచ్చి అదే బల్ల మీద పెట్టాడు.