పళ్లెంలా నిలబడే గౌను

పద్మజ గారు మా ఇంటికి మొదటిసారి కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, నా చేతికి ఫోనిచ్చి ఒక ఫొటో చూపించారు. తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి కాలివేళ్ల కొనల మీద నిలబడి ఉంది. ఆ గౌను కిందికి జారకుండా నడుము చుట్టూ పళ్లెంలా విచ్చుకుని ఉంది.

"దీన్ని టూటూ అంటారు. బ్యాలే డాన్సుకి వేసుకుంటారు. కుట్టగలవా నాహిద్?"

"క్యాన్‌క్యాన్ లంగాలు కుడతాను కదా మేడమ్. ఇదీ నెట్టేగా," అన్నాను.

వాళ్లకి ఊరి చివర పత్తి మిల్లుంది. చాలా ఏళ్లు బెంగళూరులో బట్టల వ్యాపారం చేసి, మిల్లు వాటాకి వచ్చాక తిరువూరు వచ్చేశారు. కూతురు ఆరాధన తొమ్మిదో తరగతి. బెంగళూరులో చిన్నప్పటి నుంచీ బ్యాలే నేర్చుకుంది. ఇక్కడ నేర్పేవాళ్లు లేరు కాబట్టి మిల్లు గోడౌన్‌లో ప్లైవుడ్ పరిపించుకుని ఒక్కతే చేసుకుంటోంది. నెలాఖరులోగా వీడియో తీసి పాత అకాడమీకి పంపాలి. తీసుకుంటే అక్కడే హాస్టల్లో ఉంటుంది. పాత గౌను ఇప్పుడు నడుముకి పట్టడం లేదు.

"ఆది గౌను తెచ్చారా?" అని అడిగాను, అలవాటు కొద్దీ.

"అది పట్టదనే కదా ఆంటీ వచ్చింది," అంది ఆరాధన. "నన్నే కొలవాలి."

మా వైపు ఎవరూ కొలతలకి నిలబడరు. ఆది జాకెట్టు సంచిలో పెట్టి తెస్తారు, ఎప్పటికి కావాలో చెప్తారు, వెళ్లిపోతారు. నేను డిగ్రీ చదివాను. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అంత దాకా చదివింది నేనే. బీఈడీ చేద్దామనుకునేలోపు పెళ్లయింది. మా ఆయన అల్తాఫ్ లారీ మీద పత్తి బేళ్లు వేసుకుని తమిళనాడు మిల్లులకి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. మా అత్తమ్మ దౌలత్‌బీ పక్క వీధిలో పెద్ద కొడుకింట్లో ఉంటుంది. ఇంట్లో నేనూ మిషనూ. ఆది జాకెట్లు మాట్లాడవు.

విజయవాడ బస్సెక్కి, వన్‌టౌన్‌లో మెత్తటి నెట్టూ గట్టి నెట్టూ తెచ్చుకున్నాను. గట్టి నెట్టు కుచ్చులు పోసి, ఒంటికి గుచ్చుకోకుండా దాని కింద లైనింగ్ వేసి, పైన తెల్ల శాటిన్ కప్పి కుట్టాను. లంగాలకి అలాగే చేస్తాం. నెట్టు బయటికి కనపడితే పని రాదంటారు మా దగ్గర.

ఆరాధన వేసుకుని అద్దం ముందు ఒకసారి తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది?"

"ఫంక్షన్ ఎవరికి ఆంటీ? కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేసేలా ఉన్నారు."

నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ అమ్మాయి వెళ్లాక కుట్లు విప్పుతూ కూర్చుంటే సిగ్గేసింది. అడగకుండా, తెలుసుకోకుండా కుట్టాను. చదువుకున్నదాన్ని, చదవాలి కదా అని ఫోను తీసి ఆ గౌను చరిత్ర వెతికాను.

రెండు వందల ఏళ్ల క్రితం అది మోకాలికీ చీలమండకీ మధ్య దాకా ఉండేదట. అంతకుముందు బరువైన బట్టలు పాదాల్ని కప్పేసేవట. కష్టపడి నేర్చుకున్నది పాదాల పని, కనపడేది మాత్రం బట్ట. అందుకని పల్చటి తెల్ల బట్ట వరసలు వరసలుగా వేసి పొట్టి చేశారు. అప్పుడు స్టేజీ మీద గ్యాసు దీపాలు. పారిస్‌లో ఒక అమ్మాయి గౌనుకి ఆ మంట అంటుకుంది. నిప్పంటని మందులో ముంచిన బట్ట ఉన్నా, అది బిరుసుగా, మాసినట్టుగా ఉందని వద్దందట. నెలల తరబడి మంచం పట్టి చనిపోయింది. తర్వాత తర్వాత గౌను మోకాళ్లు దాటి, తొడలు దాటి పైకి వెళ్లి, చివరికి లోపల తీగ పెట్టి పళ్లెంలా నిలబెట్టారు. నేను కుట్టింది ఇవేవీ కాదు. ఓణీల ఫంక్షన్ లంగా.

మరునాటి నుంచి ఆరాధన స్కూలయ్యాక రోజూ వచ్చేది. నెట్టు కిందివరస చిన్నది, పైకి పోయేకొద్దీ వెడల్పు. అన్నీ గౌను లోపలుండే నిక్కరుకే చేత్తో కుట్టాలి. ఒక్కో వరసకి ఆ అమ్మాయి నిలబడేది, నేను మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ గుండుసూదులు పెట్టేదాన్ని. లోపల తీగకి బదులు మిల్లులో బేళ్లకి కట్టే ప్లాస్టిక్ పట్టీ తెచ్చింది. అది వంగుతుంది, మళ్లీ నిటారుగా లేస్తుంది. నిలబడ్డంతసేపూ మాట్లాడేది. స్కూల్లో తన నడక చూసి బాతు అంటారట. బెంగళూరు స్నేహితురాళ్లు ముందు రోజూ మెసేజ్ పెట్టేవాళ్లట, ఇప్పుడు పుట్టినరోజులకేనట.

"మీకు బోరు కొట్టదా ఆంటీ, ఒక్కరే?"

"పనుంటుంది కదా."

"నాకూ అంతే. పనుంటుంది," అంది.

ఒక శుక్రవారం మా అత్తమ్మ వచ్చి గౌను ఎత్తి పట్టుకుంది.

"ఇదెవరికే?"

"పత్తి మిల్లు వాళ్లమ్మాయికి అత్తమ్మా."

"మిగతాది ఎప్పుడు కుడతావు?"

"అంతే. అది అక్కడి దాకే."

"మిల్లు నిండా పత్తి పెట్టుకుని అంతేనా వాళ్లకి దొరికింది?" అని నిట్టూర్చింది. తర్వాత అంచు వేలితో తట్టి, అది ఊగి ఆగేదాకా చూసింది. "బానే నిలబడిందిలే."

చివరి రెండు వరసలూ ఒక సాయంత్రంలో అయిపోయేవి. నేను నెమ్మదిగా కుట్టాను. గౌను పూర్తయితే వీడియో పంపుతారు. వీడియో బాగుంటే ఆరాధన వెళ్లిపోతుంది. నా ఇంట్లో గుమ్మం దాటి కూర్చుని మాట్లాడే మనిషి ఆ అమ్మాయొక్కతే. తీసుకోకపోతే బాగుండునని నమాజులో అడగలేదు గానీ, మనసులో ఆ మాట ఉందని నాకు తెలుసు. అందుకే పని మాత్రం ఎక్కడా తగ్గనివ్వలేదు.

వీడియో రోజు వీపు వెనక హుక్కులు పెట్టడానికి నన్ను గోడౌన్‌కి పిలిచారు. బేళ్ల మధ్య ఆరాధన ఆడింది. నేను ఆ పాదాలే చూశాను. గౌను నాకు గుర్తు రాలేదు.

తర్వాత వారాలు గడిచాయి, కబురు లేదు. ఒకరోజు పద్మజ గారే ఫోన్ చేశారు.

"తీసుకోలేదు నాహిద్. ఏడాదిగా దిద్దేవాళ్లు లేక పాదాలు పాడు చేసుకుందన్నారు. గౌను ఎవరు కుట్టారని అడిగారు. వాళ్ల పిల్లలకి కావాలట. నీ నంబరు ఇవ్వనా?"

ఇవ్వమన్నాను. వెంటనే చున్నీ కప్పుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆరాధన గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మనలేదు.

"మళ్లీ పంపొచ్చు కదా, వచ్చే ఏడు," అన్నాను.

"మీరు సెలెక్ట్ అయ్యారుగా ఆంటీ," అంది. గొంతులో కోపం లేదు. "నేను ట్యూషన్‌లో చేరాను. సాయంత్రాలు కుదరదు."

వెళ్లిపోతుందని భయపడ్డాను. వెళ్లలేదు. రోజూ ట్యూషన్ ఆటోలో మా వీధి మీదుగానే పోతోంది. నేను మిషను దగ్గర నుంచి చూస్తాను. తను అటువైపు కూర్చుంటుంది.

అకాడమీ వాళ్లు పిల్లల కొలతలు ఫోన్లో పంపారు. ముందు పెద్ద కొలతది ఒకటి కుట్టి, మనిషికి తొడిగి, ఎగిరినప్పుడు నెట్టు ఎలా లేచి దిగుతుందో వీడియో తీసి చూపించమన్నారు. గౌను అయింది. తొడగడానికి మనిషి లేదు. మా బావగారి కూతుర్ని పంపమని అత్తమ్మని అడిగాను.

"నువ్వు కుట్టుకో, నేను కాదనను. మా పిల్లని మాత్రం అడక్కు," అంది.

మధ్యాహ్నం తలుపులు వేసి, చుడీదారు మీదే ఆ గౌను ఎక్కించుకున్నాను. హుక్కులు అందలేదు. వెనక ఒక చేత్తో బిగించి పట్టుకుని, ఫోను కిటికీలో నిలబెట్టి ఎగిరాను. అల్మారాలో గిన్నెలు చప్పుడు చేశాయి. నెట్టు సరిగ్గా పడిందో లేదో తెలియక ఇంకోసారి ఎగిరాను.

తర్వాత నేల మీద కూర్చుని వీడియో చూశాను. నెట్టు లేచి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ పళ్లెంలా దిగింది. పని బాగుంది. వాళ్లకి కావలసింది నడుము దగ్గరిదే కాబట్టి, పైన నా మొహం ఉన్న భాగం కత్తిరించి పంపించాను.