తొలి అడుగుల రొట్టె

నెవెనా సముద్రం ఒడ్డున పనిచేస్తోందంటే వాళ్ళింటి వీధిలో ఆడవాళ్ళకు కాస్త కుళ్ళుగానే ఉండేది. "ఏం అదృష్టమే, పొద్దస్తమానం గాలీ నీళ్ళూ!" అనేవాళ్ళు. గాలి లేదు, నీళ్ళూ లేవు. శుభ్రం చేయడానికి రోజుకు పద్దెనిమిది హోటలు గదులున్నాయి. సముద్రం ఏ రంగులో ఉందో చూడాలంటే మూడో అంతస్తు కిటికీలోంచి, దుప్పట్లు దులిపే వంకతో, రెండు నిమిషాలు. జూన్‌లో హోటల్ తెరిస్తే సెప్టెంబరు సగం దాకా మూయరు. రెండు వారాలకొక సెలవు, అదీ గదుల పనివాళ్ళ మీద పెత్తనం చేసే పెద్దావిడ మనసు బాగుంటేనే.

ఆమె కూతురు రాయాకు ఏడాది నిండి నెల కూడా కాలేదు. పాప రెండున్నర గంటల బస్సు దూరంలో, సొంతింట్లో, నాయనమ్మ స్తాంకా దగ్గర పెరుగుతోంది. నెవెనా మొగుడు ప్లామెన్ కూడా అక్కడే, లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. పాలూ పెరుగూ కలిపి పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం, మొత్తం స్తాంకాదే. అందులో వంక పెట్టడానికేమీ లేదు. వంక పెట్టే హక్కు తనకుందో లేదో కూడా నెవెనాకు తెలియదు.

ఆ కిటికీలోంచి రోజూ ఊళ్ళోవాళ్ళ పిల్లలే కనిపించేవారు. బక్కెట్లు, గాలి నింపిన బాతులు, మోచేతి దాకా కారిన ఐస్‌క్రీములు. అల వచ్చినప్పుడల్లా పిల్లల్ని రెక్కలు పట్టి పైకి లేపే నాన్నలు. ఒకరోజు సరిగ్గా కిటికీ కింద పచ్చికలో ఓ పసివాడు వాళ్ళ నాన్న వేలు వదిలేసి మూడడుగులు వేసి కూలబడ్డాడు. ఇంటిల్లిపాదీ కేకలు పెట్టారు, ఫోన్లు తీశారు, అమ్మమ్మ చెప్పులు చెరోవైపు ఎగిరిపోయేలా గంతులేసింది. నెవెనా దిండు గుండెలకు హత్తుకుని ఏడ్చింది. ఎవరి పిల్లాడో నడిస్తే ఈమెకెందుకయ్యా ఏడుపు? కానీ ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నిలబడుతోందా?"

"నిలబడటమేంటే, బల్లలూ కుర్చీలూ పట్టుకుని ఇల్లంతా కలియతిరుగుతోంది. నిన్న పిల్లి తోక పట్టుకుని నిలబడింది. పిల్లికి నామీద కోపం."

"ఒక్కమాట అత్తయ్యా. పట్టు వదిలేసి నడవడం మాత్రం... నేను లేకుండా వద్దు."

"అంటే దాని కాళ్ళకు తాళం వేయమంటావా?"

"జూలై ఇరవయ్యిన ఆదివారం సెలవు అడిగాను. అప్పటిదాకా చెయ్యి పట్టుకునే తిప్పండి. రొట్టె దొర్లించినప్పుడు నేనుండాలి. ఈ వేసవిలో నాకింకేం వద్దు, అదొక్కటే."

"సర్లేవే. నేనేమన్నా దాన్ని పరుగు పందేలకు పంపుతున్నానా?"

ఆ వైపు ఊళ్ళలో పిల్ల మొదటిసారి పట్టు వదిలి నడిచిందంటే ఇంట్లో గుండ్రటి రొట్టె కాలుస్తారు. వాకిట్లో తెల్లగుడ్డ పరిచి, ఆ చివర పొట్టి బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టి, రొట్టెను గుడ్డ మీద దొర్లిస్తారు. పిల్ల దాని వెనకే నడిచి వెళ్ళి ఏది మొదట పట్టుకుంటే అదే రేపటి దాని బతుకుతెరువు. తర్వాత ఆ రొట్టెను తుంచి ఇరుగుపొరుగుకు పంచాలి. పరుగెత్తుతూనే పంచాలి సుమా. పంచేవాళ్ళు తీరిగ్గా నడిస్తే పిల్ల నడక మందగిస్తుందని అందరికీ భయం.

నెవెనా రోజూ అడిగేది. స్తాంకా రోజూ "ఇంకా లేదు" అనేది. పోనుపోను ఆ మాట మరీ త్వరగా, అడగడం పూర్తికాకముందే వచ్చేది. నెవెనా పట్టించుకోలేదు. శనివారం తోటి పనిమనిషి గదులు కూడా తనే దులిపి, ఆదివారం తెల్లారగట్ల మొదటి బస్సెక్కింది. సంచిలో ఎర్రచెప్పుల జత, ఇసక ఆడుకునే బక్కెట్టు.

ఇంటి ముందు ద్రాక్షపందిరి కింద తెల్లగుడ్డ పరిచే ఉంది. పొయ్యిలోంచి రొట్టె వాసన. నలుగురు చుట్టాలు వచ్చి బల్ల చుట్టూ కూర్చుని టమాటాలూ తెల్ల జున్నూ తింటున్నారు. "నిన్న సాయంత్రం రెండడుగులు వేసేలా కనిపించిందే, నువ్వొస్తున్నావని ఆపేశాను" అంది స్తాంకా, కోడలి బుగ్గలు ముద్దాడుతూ. నెవెనా ఆమె చేతులు పట్టుకుని "మీ రుణం తీర్చుకోలేను అత్తయ్యా" అంది. పాపం, నిజంగానే అంది.

రాయాను గుడ్డ చివర నిలబెట్టారు. స్తాంకా రొట్టె దొర్లించింది. పాప దాన్ని చూసింది, ఆ చివర పొట్టి బల్లను చూసింది, కిచకిచమని నవ్వి కదిలింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది అడుగులు. తూలలేదు, చేతులు చాచలేదు. నెవెనా మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. "నా తల్లే! నా బంగారమే! చూశావా ప్లామెన్, ఎంత గట్టిగా నడుస్తోందో, మొదటిసారే!" ప్లామెన్ తలూపి సిగరెట్టు కోసం జేబులు తడుముకున్నాడు.

పొట్టి బల్ల మీద పెన్నూ, కత్తెరా, గరిటే, థర్మామీటరూ ఉన్నాయి. పాప థర్మామీటరు అందుకుంది. "డాక్టరమ్మ!" అని అందరికంటే ముందు అరిచింది స్తాంకానే. కొంగు లేదు గానీ ఉంటే కళ్ళకద్దుకునేదే; ముందు కట్టుకున్న వంటగుడ్డతో అద్దుకుంది. గుండెల మీంచి బరువు దిగినట్టు కుర్చీలో చతికిలబడింది.

రొట్టె పంచే పని తల్లి తనే తీసుకుంది. తేనె రాసిన ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి ఎదురింటికి పరుగెత్తింది. అరుగు మీద చిక్కుళ్ళు తుంచుతోంది గేనా మామ్మ. ఎనభై రెండేళ్ళు, చెవి సగం వినపడదు, నోరు పూర్తిగా పనిచేస్తుంది.

"రాయా నడిచింది మామ్మా! ఇప్పుడే! మొదటిసారి!"

"ఎవరూ?"

"మా రాయా!"

"మళ్ళీనా?" అంది ముసలమ్మ, ముక్క నోట్లో వేసుకుంటూ. "గురువారం కాక అంతకుముందు గురువారం స్తాంకా ఇలాగే రొప్పుకుంటూ తెచ్చి ఇచ్చిందిగా. ఈ వయసులో ఆ పరుగేంటే, మోకాళ్ళు ఊడి చేతికొస్తాయని తిట్టాను కూడాను. లేక రెండోదాన్ని ఎప్పుడైనా కన్నావా, నాకు చెప్పకుండా?" తనే నవ్వుకుంది. "బాగుంది, తేనె ఎక్కువేశారు ఈసారి. ఇంకోటి పెట్టు."

నెవెనా ఇంకోటి పెట్టింది. తర్వాత ఇంకే ఇంటికీ వెళ్ళలేదు. పళ్ళెం పట్టుకుని వీధి దాటి తిరిగొచ్చింది, నడుచుకుంటూనే.

ఆ నడక చూడగానే స్తాంకాకు అర్థమైపోయింది.

"పది రోజులైందటగా," అంది నెవెనా.

చుట్టాలు పళ్ళేలు ఎత్తుకుని ఒక్కొక్కరే వంటింట్లోకి జారుకున్నారు. ప్లామెన్ నీళ్ళు నమిలాడు. "అంటే... అది ఆగలేదు. కుర్చీ వదిలేసి ఒక్కసారిగా వెళ్ళిపోయింది. ఎవరు మాత్రం ఏం చేస్తారు? నువ్వు బాధపడతావనే, నీ కోసమే మళ్ళీ..."

"ఒక్క ఫోన్ చేయలేకపోయావా?"

"పనిలో ఉంటావని."

నా కోసం. అబద్ధమైనా నాకోసం ఇంత పిండి కలిపారు, ఇంతమందిని పిలిచారు. నెవెనా ఆ ఒక్క మాటను పట్టుకుని ఊరుకుందామనే అనుకుంది. కోపం సగం దిగింది కూడా. అలాగే ఊరుకుని ఉంటే బాగుండేదేమో. కానీ తల్లి మనసు, తను చూడనిదాన్ని కనీసం వినైనా విందామనిపించింది.

"ఆ రోజు ఏం పట్టుకుంది అత్తయ్యా?"

ప్లామెన్ వాళ్ళమ్మ వైపు చూశాడు. స్తాంకా తెల్లగుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"మిమ్మల్నే. ఏం పట్టుకుంది?"

"చీపురు."

"బల్ల మీద చీపురెందుకు పెట్టారు?"

"ఎవరు పెట్టారే! గోడకు ఆనించి ఉంది, తీయడం మర్చిపోయాను. బల్ల మీదవేవీ చూడనైనా చూడలేదు. తిన్నగా వెళ్ళి దాన్ని కావలించుకుంది. వేళ్ళు విడదీసి లాక్కోవాల్సొచ్చింది. మూడు రోజులు నాకు నిద్ర లేదు, తెలుసా?"

"అందుకని మళ్ళీ చేశారు."

"చేయక? ఆడపిల్ల! రేపు అది కూడా వాళ్ళ పక్కలు దులుపుతూ, వీళ్ళ స్నానాల గదులు కడుగుతూ..." స్తాంకా నోరు మూసుకుంది. ఆలస్యంగా మూసుకుంది.

"నాలాగా."

"నేనలా అనలేదు."

"అన్నారత్తయ్యా." "మరి నన్నెందుకు పిలిచారు? ఆ థర్మామీటరేదో మీరే పట్టించేయలేకపోయారా?"

"తల్లి లేకుండా చేస్తే ఎలా కుదురుతుంది? కిందటిసారి అదేగా జరిగింది. పిల్ల నడిచేటప్పుడు కన్నతల్లి ఎదురుగా లేదు. ఏం చేస్తుంది, దొరికిన దాన్ని వాటేసుకుంది." స్తాంకా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నటన కావు, అదే వచ్చిన చిక్కు. "నీ మీద కోపంతో కాదే. దాని మీద ప్రేమతో."

"ఇవాళ దాని కాలికి తెచ్చిన చెప్పులు, మీరు పొద్దున్నే మింగే బీపీ మాత్రలు, ఆ చీపురే కొంటోంది."

"నాకు తెలియదా? తెలుసు గనకే దానికొద్దంటున్నాను."

పాపకు ఆ బతుకు వద్దని నెవెనా కూడా ప్రతి రాత్రీ అనుకునేది. తను అనుకోవడం వేరు, ఆ మాట ఈవిడ నోట వినడం వేరు. వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది.

నాలుగింటి బస్సు. ప్లామెన్ కారు తీస్తానన్నాడు, వద్దంది. గేటు దగ్గర గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపింది. "రావే అమ్మా. ఒక్కసారి నా దగ్గరికి నడిచి రా."

రాయా వచ్చింది. కొత్త ఎర్రచెప్పులు టపటపలాడించుకుంటూ, ఎక్కడా ఆగకుండా వచ్చింది. చేతికి అందేంత దూరంలో నిలబడి తల్లి భుజానికున్న సంచిని చూసింది. నెవెనా ఎత్తుకోబోయేలోగా, ఎవరూ చెప్పకుండానే, కుడిచెయ్యి పైకెత్తి టాటా చెప్పింది. సంచి తగిలించుకున్నవాళ్ళకు ఏం చేయాలో దానికి బాగా వచ్చు. తర్వాత వెనక్కి తిరిగి, పందిరి కింద నుంచి, నాయనమ్మ నిలబడ్డ గుమ్మం వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.