నెత్తురు చెప్పిన సాక్ష్యం

నా కంటి వెనక సన్నని రక్తనాళం ఒకటి కారుతోందని 2007 డిసెంబరులో తేలింది. షుగరు ఇలాగే ఉంటే గనిలో హాలేజీ నడిపే పని మాన్పించి ఉపరితలం డ్యూటీకి రాస్తానంది కంపెనీ దవాఖాన డాక్టరమ్మ. ఇరవై రెండేళ్లు తాడుతో బొగ్గు టబ్బులు లాగించిన నాకు పైన కూర్చుని చీటీలు రాయడం చేతకాదు. మార్చిలో మళ్లీ పరీక్ష అన్నది.

తోటి పనివాడు నర్సింగం ఉపాయం చెప్పాడు. వారం ముందు అన్నం మానేస్తే చాలట, తాను ఏటా అలాగే గట్టెక్కుతాడట. అప్పటికి ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు కూడా నడుస్తున్నాయి. ఉపవాసం అసలు దేనికన్నది ప్రార్థనలో దేవునికి చెప్పకుండా, వారం రోజులు మజ్జిగ, పలచటి జొన్న గటక జావతో గడిపాను.

పరగడుపు షుగరు నూటపది వచ్చింది. నా భార్య లిడియా వైపు గర్వంగా చూశాను. డాక్టరమ్మ రెండో కాగితం తిప్పి నవ్వింది.

"కాకా, ఈ వారం మంచిగనే ఉన్నరు. క్రిస్మస్ నుంచైతే బాగ తిన్నరు."

రక్తంలో ఎక్కువైన చక్కెర ఎర్రకణాల్లోని మాంసకృత్తుకు అంటుకుంటుందట. ఆ కణం చచ్చేదాకా, అంటే మూడు నాలుగు నెలలు, వదలదట. రెండో కాగితంలో తొమ్మిది దాటిన అంకె ఆ నెలల లెక్కేనట. రక్తనాళాల గోడలకూ అలాగే పట్టి వాటిని బిరుసు చేస్తుందని, కంటిలోని సన్న నాళాలు ముందు దెబ్బతింటాయని చెప్పింది. బిరుసెక్కిన తాడు ఎలా పోగులు తెగుతుందో నాకు ఒకరు చెప్పాలా? బతిమాలితే జూన్ దాకా గడువిచ్చింది.

పశ్చాత్తాపపడితే దేవుడు ఆ క్షణమే క్షమిస్తాడు కదా, నెత్తురుకు మాత్రం మూడు నెలలెందుకని బస్సులో లిడియాను అడిగాను.

"దేవుడు మాఫ్ చేసిండు. నువ్వింక మారలే గదా, నెత్తురు ఎట్ల నమ్ముతది?"

ఆ రోజు నుంచి వేళకు మాత్రలు, రెండు పూటలా జొన్నరొట్టె, డ్యూటీ దిగాక మేముండే సెంటినరీ కాలనీ చుట్టూ నడక. నర్సింగాన్ని కూడా లాక్కుపోయేవాణ్ణి.

"నీ కన్ను కోసం నా కాళ్లు అరగ్గొడుతున్నవు బావా" అని వాడు రోజూ గొణిగేవాడు. ఒక్కరోజూ మానలేదు.

జూన్ పరీక్షకు కడుపునిండా తినే వెళ్లాను. తొమ్మిది దాటిన ఆ అంకె ఏడుకు దిగింది. కంట్లో పాత మచ్చ పోలేదు, కొత్తది రాలేదు. డాక్టరమ్మ హాలేజీ డ్యూటీకే రాసి సంతకం పెట్టింది. నేను స్తోత్రం చెప్పుకునేలోపే లిడియా ఆ కాగితం అందుకుంది.

"సెప్టెంబర్ల మళ్ల తోలుకస్త డాక్టరమ్మా" అంది.