ఎర్రనీళ్లు

"తలుపు తియ్! నీళ్లు పొయ్యకుండా తియ్!"

కుట్టుమిషన్ల షెడ్డు వెనక మరుగుదొడ్డి తలుపును సూపర్‌వైజరమ్మ దబదబా బాదుతోంది. లోపల ఉండాల్సిన చెంబు ఆవిడ చేతిలో ఉంది. అందుకే చాటున అందరూ ఆవిణ్ణి చెంబుదొరసాని అంటారు. క్షయ మందు మింగితే మూత్రం ఎర్రగా వస్తుందని ఎవరో చెవిన వేశారు. అప్పట్నుంచీ ఎవరు దగ్గినా ఇదే పరీక్ష. ఎర్రగా కనబడితే ఆ పూటే గేటు బయటికి.

లోపలున్నది కాలర్లు కుట్టే చెల్లెలు. బయట నిలబడ్డ అక్కకి కడుపు మండిపోతోంది. ఈ చెంబుకి జడిసే కదా తను పనిరోజుల్లో క్షయ మందు మానేసి, సెలవునాడు మాత్రం మింగింది!

నిన్న ఆస్పత్రిలో డాక్టరు కసిరాడు. "ఆ క్రిముల్లో ఏవో కొన్ని మారిపోయి పుడతాయి. మందులన్నీ రోజూ పడితేనే అవీ చస్తాయి. నువ్వు అడపాదడపా వేసుకున్నావు. మెతకవి చచ్చి మొండివి మిగిలాయి. మీ చెల్లెలికి అంటుకున్నవీ అవే. ఒక్క మాత్రా ఎరగని పిల్లకి పాత మందు ఇక పనిచెయ్యదు."

ఆయనకేం తెలుసు ఈ చెంబు సంగతి! సెలవు దొరికితే మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లి కొత్త మందు మొదలుపెట్టాలి. దాంతో ఒళ్లు నల్లబడవచ్చట. ఈసారి దాచడం కుదరదు.

తలుపు తెరుచుకుంది. చెంబుదొరసాని తొంగి చూసింది.

"ఎర్రగా లేదు. నీకే రోగమూ లేదు. సెలవూ లేదు గిలవూ లేదు, పో, మిషను దగ్గర కూర్చో!"

"దానికి రోగముంది," అంది అక్క. "మందు పడలేదు గనక నీకు కనబళ్లేదు. మందు మింగేవాళ్లని గెంటేసి, దగ్గేవాళ్లని లోపల కూర్చోబెడుతున్నావు. బట్ట మీద దుమ్ము పడుతుందని కిటికీలైనా తియ్యనివ్వవు. నువ్వు పీల్చేదీ ఆ గాలే కదమ్మా?"

ఆవిడ చప్పున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నోరు ముయ్! నలుగురూ వింటే పనాగిపోతుంది. ఇద్దరూ నడవండి బయటికి!"

"నడవం. గెంటితే గేటు దగ్గరే కూర్చుంటాం. మందూ అక్కడే మింగుతాం, అందరికీ చెప్పి మరీ మింగుతాం."

అక్క విసవిసా షెడ్డులోకి వెళ్లి కిటికీ గడియ పట్టుకు లాగింది. తుప్పు పట్టి కదల్లేదు. చెల్లెలు దగ్గుతూనే వచ్చి చెయ్యి కలిపింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. చెంబుదొరసాని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

చివరి వరసలో బొత్తాలు కుట్టే ముసలామె లేచింది. రవికలోంచి మాత్రల అట్ట తీసి మిషను మీద పెట్టింది.

"నాకూ ఎర్రగానే వస్తోంది," అంది. "చెంబు పట్టుకుని రా, చూద్దువుగాని!"