ఎవరూ వాడని లెక్క

పాత అటారీ కంప్యూటర్ల అభిమానులు ఏడాదికి రెండుసార్లు ఊరి అగ్నిమాపక దళం హాల్లో కలుస్తారు. ఆ వసంతంలో వేదిక మీద బోగ్నా మాట్లాడింది. క్రాకువ్ నగరంలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఈ కాలపు కంపైలర్‌కు ఆ పాత ఎనిమిది బిట్ల ప్రాసెసర్ భాష నేర్పుతూ వచ్చింది. ఇప్పుడు సి భాషలో ప్రోగ్రాము రాసిస్తే చాలు, ఆ ముసలి యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలను కంపైలరే తయారుచేస్తుంది. ఒక్కో ఆదేశాన్నీ మనిషి చేత్తో రాయనక్కర్లేదు.

చేత్తో రాయడంలో ఆ హాల్లో లూత్సియన్‌ను మించినవాడు లేడు. రైల్వేలో సిగ్నళ్ళ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కొండల మీదుగా గ్లైడర్, అంటే ఇంజను లేని విమానం, ఎగిరే కంప్యూటర్ ఆట ఒకటి వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఇంకా రాస్తూనే ఉన్నాడు. శనివారాలు సాంస్కృతిక భవనంలో ప్రోగ్రాములు రాయడం మీద క్లాసు చెప్పేవాడు. బోగ్నా మొదట నేర్చుకున్నదీ అక్కడే.

ఆ రోజు బోగ్నా పోటీ పెట్టింది. ఆ ఆటలో కొండల ఎత్తులు లెక్కగట్టే భాగం లూత్సియన్ రాసినది ఒక యంత్రంలో, తన కంపైలర్ తయారుచేసినది ఇంకో యంత్రంలో నడిపింది. తెర మీద బొమ్మ గీసే సమయం లెక్కలో కలవకూడదని, గీసే భాగాన్ని రెంటిలోనూ తీసేసింది. ఆమెది రెప్పపాటులో అయిపోయింది.

"లూత్సియన్ గారూ, ఇక మీరు నిజం గ్లైడరే ఎక్కి తిరగండి. ఇక్కడ మీకేం పనిలేదు," అంది మైకులో.

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ వారమే నిర్వాహకులకు కబురుపెట్టి, శనివారం క్లాసు ఇక బోగ్నాకే ఇవ్వమన్నాడు. ఆమె సంబరంగా ఒప్పుకుంది.

వేసవి మొదట్లో ఆయన ఫోన్ చేశాడు. తాను రాసినది తీసేసి ఆమె కంపైలర్ ఇచ్చినది ఆటలో పెడితే గ్లైడర్ కుంటుతోందని, ఎక్కడో పొరపాటు చేస్తున్నానని, కాస్త చూసి చెప్పమని అడిగాడు. ఫోన్ పెట్టేసి బోగ్నా ఆ రోజు పోటీలో నడిపిన ప్రోగ్రామును తెరిచి చూసింది. అందులో కొండల లెక్కే లేదు. గీసే భాగం తీసేశాక ఆ ఎత్తులతో ఎవరికీ పనిలేదు. ఎవరూ వాడని లెక్క దండగని కంపైలర్ దాన్ని మొత్తంగా ఎత్తేసింది. ఏ పనీ చేయలేదు గనకే రెప్పపాటులో గెలిచింది. లెక్కను ఎత్తేయకుండా ఉంచి మళ్ళీ కొలిస్తే, ఆయన రాసినదానికంటే దాదాపు రెట్టింపు సమయం పట్టింది.

చెవులు వేడెక్కిపోయాయి. చెప్పేద్దామనే వెంటనే ఫోన్ చేసింది. "చెప్పమ్మా, ఎక్కడ తప్పు చేశాను?" అని ఆయన అడిగేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది. కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లలో ఏదో తేడా ఉండి ఉంటుందని, ఇంకోసారి చూసుకోమని చెప్పింది.

ఆయన వేసవంతా చూసుకున్నాడు. అడపాదడపా ఫోన్ చేసి, ఇది మార్చాను, అది మార్చాను అని చెప్పేవాడు. ఆమె ఊఁ కొట్టేది. కొన్నాళ్ళకు ఫోన్ ఎత్తడమే మానేసింది. క్లాసులో ఎవరైనా ఆ పోటీ సంగతి ఎత్తితే బోర్డు వైపు తిరిగిపోయేది.

సెప్టెంబరులో ఆయన భార్య ఇర్మీనా ఫోన్ చేసింది. బోగ్నా విడమరిచి చెప్పినా బుర్రకెక్కడం లేదని ఆయన మథనపడుతున్నాడట. మతిమరుపు జబ్బేమోనని డాక్టరుకు చూపించుకుంటున్నాడట. కంప్యూటరు పనిలో నిజంగానే అన్ని తప్పులు చేస్తున్నాడా అని ఆవిడ అడిగింది.

ఆదివారం బోగ్నా వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళింది. ఇర్మీనా ప్లమ్ పళ్ళ కేకు కోసి ముందు పెట్టింది. బోగ్నా దాన్ని ముట్టుకోలేదు. తల వంచుకునే జరిగినదంతా చెప్పింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" లూత్సియన్ అడిగాడు.

"మీరు మొదటిసారి ఫోన్ చేసిన రోజు నుంచి."

ఇర్మీనా టీ పోయడం ఆపేసింది.

"జ్ఞాపకశక్తి పరీక్షకని డాక్టరు నాచేత గడియారం బొమ్మ గీయించాడు," అన్నాడాయన. "ముళ్ళు సరిగ్గా పెట్టానో లేదోనని భయం వేసింది. ఇంటికొచ్చి మళ్ళీ గీసి చూసుకున్నాను. ఓడిపోతే ఏముందమ్మాయ్? అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే కదా."

"నన్ను క్షమించండి."

"నాకిక పనిలేదని ఆ రోజు మైకులో అన్నావుగా. ఇదీ మైకులోనే చెప్పు. నా దగ్గర గొణిగితే ఎవరికి వినపడుతుంది?"

ఇర్మీనా గుమ్మం దాకా వచ్చి కోటు అందించి, వెంటనే తలుపేసుకుంది.

అక్టోబరు సమావేశంలో బోగ్నా వేదికెక్కి ఆ ప్రోగ్రామును తెర మీద చూపించింది. లెక్క ఉండాల్సిన చోట, ఏ పనీ చేయకుండా వచ్చిన దారినే తిరిగి వెళ్ళమనే ఆదేశం ఒక్కటే ఉంది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే అని ఇంకొకరు సర్దబోయారు. అప్పుడామె, ఇది తెలిసి కూడా వేసవంతా దాచానని, తప్పు ఆయనదే అన్నట్టు మాట్లాడానని చెప్పింది. డాక్టరు సంగతి మాత్రం ఎత్తలేదు. ఎవరూ తిట్టలేదు. భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. లూత్సియన్ ఆ రోజు రాలేదు.

క్లాసు మళ్ళీ ఆయనకే అప్పగించారు. ఆయనకు ఏ జబ్బూ లేదని డాక్టరు తేల్చాడని బోగ్నా నిర్వాహకుల దగ్గర వింది. ఆమె ఫోన్ చేస్తే మాత్రం ఆయన ఎత్తలేదు.

చలికాలంలో ఒకరోజు, కంపైలర్ మీద ఫిర్యాదులు పెట్టే ఇంటర్నెట్ పేజీలో ఆయన పేరు కనిపించింది. పలకరింపు లేదు. ఫలానా చోట గుణకారం తప్పుగా వస్తోంది, ఇదిగో ఉదాహరణ, అంతే. లోపం కంపైలర్‌దే. బోగ్నా ఆ సాయంత్రమే సరిచేసి, పొరపాటు తనదేనని కింద రాసింది. దానికి జవాబు రాలేదు. వారం తిరక్కుండా ఆయన ఇంకో ఫిర్యాదు పెట్టాడు, అదీ అంతే పొడిగా. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని దాన్ని చదవసాగింది.