తలుపు వేసి రా

ముఖం అయింది, మెడ అయింది, వినికిడి మిషను కదలకుండా చెవుల వెనక అయింది. ఆయా తువ్వాలును మళ్ళీ గోరువెచ్చని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, పెద్దాయన ఎడమచేతిని వేళ్ళ సందులతో సహా తుడిచింది. పొడిగుడ్డతో అద్దింది. ఆయన్ని మెల్లగా ఒక పక్కకి ఒత్తిగిల్లజేసి, వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి చూసి, పౌడరు చల్లింది. కాళ్ళు కూడా అయిపోయాక, ఇక తప్పదన్నట్టు కుడిచేతి దగ్గరకొచ్చింది. ఆ చేతిని ఆమె రోజూ ఆఖరికే ఉంచేది.

చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. వదులైన చర్మం, సూదులు గుచ్చిన చోట్ల నీలంమచ్చలు, ఉంగరం తీసేసిన వేలికి తెల్లటి గీత. స్పూను పట్టుకుంటే సగం దుప్పటి మీదే ఒలికేది. అయినా ఆ చెయ్యి తన అరచేతిలోకి రాగానే ఆమె చూపు తలుపు వైపు వెళ్ళేది.

వసారా వైపునుంచి గాలి దూసుకొచ్చి గుమ్మం తెర ఎగిరింది. కళ్ళు తెరవకుండానే పెద్దాయన అన్నాడు, మెత్తగా, ముద్దుచేస్తున్నట్టు:

"తలుపు వేసి రా అమ్మా. గాలి కొడుతోంది."

తువ్వాలు ఆమె చేతిలోంచి జారింది. మోకాలు తగిలి బేసిను ఒరిగి, నీళ్ళు నేలంతా పారాయి. ఆమె వెళ్ళి తలుపు వేసింది, కాని బయటినుంచి. తుడవడం పూర్తికాని మనిషిని అలాగే వదిలేసి, వసారాలో గోడకు వీపు ఆనించి నిలబడింది. ఊపిరి దారికొచ్చాక, నేల తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని, అందుకోసమే వెళ్ళినట్టు లోపలికి వచ్చింది.

"గుడ్డ తెద్దామని వెళ్ళానండీ."

పెద్దాయన కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

ఒకప్పుడు సినిమా పోస్టర్లో ఆ ముఖం లేని గోడ ఊళ్ళో ఉండేది కాదు. గోడకో వేషం. దొంగ, జడ్జీ, గుడ్డి పాటగాడు, పడవవాడు, రాజు, బిచ్చగాడు, ఒకదాంట్లో ఏకంగా అత్తగారు. ఒక సినిమాలో చూసినవాళ్ళు ఇంకో సినిమాలో అరగంటదాకా ఆయన్ని పోల్చుకోలేకపోయేవారట. అన్ని వేషాలూ పోయి ఇప్పుడు మంచమొకటి మిగిలింది, నోట్లో ప్రశ్న ఒకటి మిగిలింది. గదిలోకి ఎవరొచ్చినా, పెద్ద డాక్టరైనా సరే, గ్యాసు బండ తెచ్చినవాడైనా సరే, అదే అడిగేవాడు: "నా సినిమాల్లో నీకేది ఇష్టం?" జవాబు విని తృప్తిగా తలాడించేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు. వంటాయన రోజుకో పేరు చెప్పి రోజూ మెప్పు కొట్టేసేవాడు. "ఆయనకి మతిమరుపు, నాకు నోరు. ఇద్దరం కలిసి బండి లాగించేస్తున్నాం" అని నవ్వేవాడు.

ఆయా నవ్వలేకపోయేది. పనిలో చేరిన రోజే పెద్దాయన కూతురు, ఇంట్లో అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఆమెను వంటింటి గుమ్మంలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"అడిగితే డాక్టరు సినిమా అని చెప్పు. ఆయనకి అది ప్రాణం. పెళ్ళాన్ని చంపిన మొగుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళే సినిమా ఒకటుంది, దాని ఊసు మాత్రం ఈ ఇంట్లో ఎత్తకు. అది ఆడినన్నాళ్ళూ నాతో చదివే పిల్లల్ని వాళ్ళ అమ్మలు మా ఇంటికి పంపలేదు. బజార్లో ఒక ముసలావిడ నాన్నని చెప్పుతో కొట్టింది. నీకు ముందు చేసినావిడ సరదాకి దాని పేరెత్తింది. నాన్న అన్నం ముట్టలేదు. ఆ సాయంత్రమే పంపించేశాను."

ఆయా తల ఊపింది. పనితోపాటు పడుకోవడానికి గది ఇచ్చే ఇళ్ళు ఎన్నో ఉండవు. పైగా, ఆమె తన బతుకు మొత్తంలో చూసిన ఆయన సినిమా అదొక్కటే.

అప్పటికి ఆమెకు పాలపళ్ళు ఊడుతున్నాయి. అమ్మ పక్కన, నేల టిక్కెట్టులో కూర్చుని చూసింది. తెరమీద మొగుడు ఆఫీసునుంచి ఇంటికొస్తాడు. సంచీ మేకుకు తగిలిస్తాడు. తల దువ్వుకుంటాడు. కుడిచేత్తో చొక్కా ఎడమచెయ్యి మడవడం మొదలుపెడతాడు, ఒక్కో మడతా నలగకుండా, తీరిగ్గా. "తలుపు వేసి రా అమ్మా, గాలి కొడుతోంది" అంటాడు పెళ్ళాంతో. తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత ఏమీ చూపించరు. మూసిన తలుపు, అంతే. చాలాసేపు. తర్వాత లోపల కొళాయి తిప్పిన చప్పుడు. అమ్మ పక్కన ఆ పిల్ల కూర్చున్నచోటే గౌను తడుపుకుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళో అమ్మ నడుం పట్టుకోకపోతే నిద్ర పట్టేది కాదు. ఊళ్ళో గోడమీద పడవవాడో పాటగాడో కనిపిస్తే అవతలి పక్కకి దాటి వెళ్ళిపోయేది. వేషం ఏదైనా చెయ్యి అదే కదా.

ఇప్పుడా చేతికి ఆమే గోళ్ళు తీయాలి.

మధ్యాహ్నం జావ తాగించింది. మూతి తుడిచింది. దిండు సరిచేసి, గోళ్ళకత్తెర తీసి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చేయి ఇచ్చాడు.

"నా సినిమాల్లో నీకేది ఇష్టం?"

"డాక్టరు సినిమా అండీ."

"అందులో చివర నేనేం చేస్తాను?"

ఇంతకుముందెన్నడూ ఆయన ఆ రెండో ప్రశ్న వేయలేదు.

"అందర్నీ బాగుచేస్తారండీ."

"ఒక్కడు కూడా బతకడు," అన్నాడు పెద్దాయన. "అందుకే జనం అంత ఏడ్చారు."

ఆమె తలవంచుకుని కత్తెర బొటనవేలి గోటికి ఆనించింది. పక్కగదిలో అమ్మగారు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది.

"పొద్దున తలుపు వెయ్యమన్నప్పుడు నీ ముఖం చూశాను," అన్నాడాయన. "ముఖాలు చూసి బతికినవాణ్ణి. జావ ఎప్పుడు తాగానో మరిచిపోతానేమో గాని, అది మరిచిపోను. నువ్వు చూసింది ఆ సినిమా."

"లేదండీ. నేను అసలు సినిమాలే చూడనండీ."

"నన్ను చూస్తే ఇప్పటికీ భయమా?"

లేదని చెప్పబోయింది. ఆయన చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాచి లాభం లేదు.

"అవునండీ," అంది. "ఉద్యోగంలోంచి తీసెయ్యకండి సార్. అమ్మగారితో చెప్పకండి."

"దానికెందుకు చెబుతాను? నాకు తిట్లు తక్కువయ్యాయా? నువ్వు చెప్పు. మిగతావన్నీ వదిలేసి అదే ఎందుకు చూశావు?"

"అమ్మ తీసుకెళ్ళిందండీ. ఆవిడకి బొమ్మ ఏదైనా ఒకటే, ఫాను కింద కూర్చోవచ్చని వెళ్ళేది." ఆ తర్వాత మాట ఎలా మొదలైందో ఆమెకే తెలియదు. "మా ఆయన చాలా మెత్తని మనిషండీ. వీధికుక్కని కూడా అదిలించి ఎరగడు. నోట్లో నాలుక లేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు పనినుంచి వచ్చాడు. కూర్చున్నాడు. చొక్కా చేతులు మడుచుకోవడం మొదలుపెట్టాడు. ఉక్క కూడా లేదు సార్ ఆ రోజు. 'పాపని పడుకోబెట్టి, తలుపు వేసి రా' అన్నాడు. అచ్చం మీలాగే అన్నాడు."

"ఏం చేశావు?"

"పాపని పడుకోబెట్టడానికన్నట్టు ఎత్తుకున్నాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వీధిలోకి వచ్చాక పరుగెత్తాను. మా అక్క ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అందరూ నన్నే తిట్టారండీ. వాడు చెయ్యెత్తాడా, మాటన్నాడా, ఏం చూసి పారిపోయావు అని. ఏం చెప్పను? సినిమాలో చూశానని చెబితే పిచ్చిదాన్నంటారు. మా అక్క కూడా నమ్మలేదు." ఆమె కత్తెర మూసి ఒళ్ళో పెట్టుకుంది. "తర్వాత ఇంకొకావిణ్ణి కట్టుకున్నాడు. ఆవిడ మేడమీంచి జారి పడిపోయిందన్నారు. జారిందట."

పక్కగదిలో మాటలు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. ఆ కాస్త నిశ్శబ్దానికే ఆయా బిగుసుకుపోయింది.

"నాకు ఇష్టమైన సినిమా అంటే ఏం చెప్పాలో తెలీదండీ," అంది చివరికి. "ఇష్టమంటే నవ్వొచ్చేది కదా. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చలి పుడుతుంది. కాని మీరది చెయ్యకపోయుంటే నేనూ మా పాపా లేము. అందుకని అదేనండీ."

పెద్దాయన చూపు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. ఆయన కంటి చివరినుంచి నీరు చెవివైపు పాకింది. జబ్బువల్ల అది అప్పుడప్పుడూ ఊరికే కారేది కాబట్టి, ఏడుపో కాదో ఆమెకు తెలియలేదు. అలవాటుగా తుడిచింది.

"అంత బాగా చేశానా?" అన్నాడు.

"చంపేశారండీ."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వుగా తేలింది.

"అది కథలో లేదు," అన్నాడు. "డైరెక్టరు గట్టిగా అరవమన్నాడు. గిన్నెలు విసరమన్నాడు. నేనే చొక్కా మడిచాను. మా నాన్న అలా మడిచేవాడు. ఆ చెయ్యి చొక్కామీదికి వెళ్ళగానే అమ్మ నన్ను పెరట్లోకి పంపేసేది. నేను చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, ఎప్పుడు పిలుస్తుందా అని నిలబడేవాణ్ణి. ఆ సీను తీసినరోజు ఇంటికొచ్చి పొడుగు చేతుల చొక్కాలన్నీ ఇచ్చేశాను." ఊపిరి తీసుకున్నాడు. "చెప్పుదెబ్బ తిన్నాననీ, సిగ్గుపడుతున్నాననీ అనుకుంటారు వీళ్ళు. సిగ్గు కాదే పిచ్చిదానా. భయం. నీకు నన్ను చూస్తే ఎంత భయమో, నాకూ నన్ను చూస్తే అంతే."

ఆమె ఒక్కో గోరూ తీసింది. చిటికెనవేలి దగ్గరకొచ్చేసరికి ఆయన వేళ్ళు ఆమె వేళ్ళను మెత్తగా పట్టుకున్నాయి. ఆమె భయం పోలేదు. కాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రేపు అడిగితే మళ్ళీ అదే చెప్పు," అన్నాడు కళ్ళు మూసుకుంటూ.

"మరిచిపోతారు కదండీ."

"మరిచిపోతేనే మంచిది. మళ్ళీ కొత్తగా వింటాను."

ఆయన నిద్రపోయాక ఆమె గోటిముక్కలు కాగితంలో ఎత్తి, దుప్పట్లు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. తిరిగొచ్చి మందు వేళైందని పిలిచింది. పలకలేదు. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలామందిని చూసిన మనిషి కాబట్టి వెంటనే తెలిసిపోయింది. తెలిసినా ఇంకోసారి పిలిచింది. ఆ తర్వాత నరాల్లోకి చల్లగా ఒక ఆలోచన దిగింది: తనే చంపిందా? ఎత్తకూడని ఊసు ఎత్తి, ఆయన గుండె ఆపేసిందా? గదిలోంచి పరుగున వెళ్ళి అమ్మగార్ని పిలవాల్సింది పోయి, చేతిలో మందుగ్లాసుతో అక్కడే ఉండిపోయింది.

డాక్టరు వచ్చి, ఇదివరకే అనుకున్నదే కదా అన్నాడు. నిద్రలోనే పోయాడన్నాడు, బాధ లేకుండా. ఫోన్లు మోగసాగాయి. పత్రికలవాళ్ళకు అమ్మగారు అందరికీ ఒకే మాట చెబుతోంది, నాన్నకి డాక్టరు సినిమా అంటే ప్రాణం అని. ఒక ఫోనుకీ ఇంకో ఫోనుకీ మధ్య ఆవిడ గదిలోకి వచ్చి, తలుపు దగ్గర నిలబడింది.

"మధ్యాహ్నం నిన్ను అడిగారా?"

"అడిగారండీ."

"ఏం చెప్పావు?"

ఆయాకు నిజం నాలుకమీదకొచ్చింది. ఆవిడ ఎర్రబడిన కళ్ళు చూసి, అక్కడే ఆగిపోయింది.

"డాక్టరు సినిమా అన్నానండీ."

"నవ్వారా?"

"నవ్వారండీ."

అమ్మగారు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

సాయంత్రానికి నలుగురు మనుషులు వచ్చి ఆయన్ని ముందుగదిలోకి తీసుకెళ్ళారు. దానికి ముందు వంటాయన పట్టుకుంటే ఆయా బట్టలు మార్చింది, తల దువ్వింది. చెవి వెనకనున్న వినికిడి మిషను తీసి, ఆపడం మరిచిపోయి, బల్లమీది గాజుగిన్నెలో పెట్టింది. ఇక ఉండనక్కరలేదని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు. తన సంచీ సర్దుకుని, అందరూ ముందుగదిలో ఉండగా, వంటింటి వైపునుంచి బయటికి నడిచింది.

ఖాళీ మంచం పక్కన, గాజుగిన్నెలో, ఆ చిన్న మిషను ఇంకా ఏదో వినబోతున్నట్టు సన్నగా కూస్తూనే ఉంది.